17వ కారణం, 31వ కారణం
(నిర్మాణ నిర్వహణలో పరిశోధనా పద్ధతులపై పరిశోధక విద్యార్థులకు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

నన్ను పిలిచినవారు "పరిశోధనా పద్ధతుల గురించి మాట్లాడండి, పిల్లలకు కాస్త ఉత్సాహం కలగాలి" అన్నారు. ఉత్సాహానికి నేను పూచీ పడలేను. నేను చేసిన ఒక తప్పును మాత్రం వివరంగా చెప్పగలను. అది నా ఒక్కడి తప్పే అయితే ఈ వేదిక ఎక్కేవాణ్ణి కాదు. మీలో సగం మంది ఇప్పుడు అదే పనిలో ఉన్నారని నా అనుమానం.

నా మొదటి థీసిస్ భవన నిర్మాణంలో ఆలస్యానికి కారణాల మీద. ఇక్కడ ఆలస్యం మీద పని చేస్తున్నవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. చూశారా, నేను చెప్పలేదూ? (నవ్వులు) నేను చేసిందీ మీరు చేస్తున్నదే. పాత వ్యాసాలు చదివి, వాటిలోంచి 42 కారణాలు ఏరాను. ఒక్కొక్కటి ఎంత ముఖ్యమో 1 నుంచి 5 లోపు టిక్కు పెట్టమని యజమానులకు, కన్సల్టెంట్లకు, కాంట్రాక్టర్లకు ప్రశ్నావళి పంపాను. 150 పంపితే 60 తిరిగి వచ్చాయి. సాఫ్ట్‌వేర్‌లో వేశాను, ర్యాంకులు వచ్చాయి. మొదటి ర్యాంకు బిల్లుల చెల్లింపులో జాప్యానికి. పరీక్షకులు మెచ్చుకున్నారు, పట్టా ఇచ్చారు.

రెండు నెలల తర్వాత ఏమీ తోచక ఆ కాగితాలు తిరగేస్తూ కూర్చున్నాను. వాటిలో 11 కాగితాల మీద టిక్కులు పచ్చ సిరాతో ఉన్నాయి. పదకొండూ ఒకే సంస్థ నుంచి వచ్చినవి. ఫోను చేసి వాకబు చేస్తే అసలు సంగతి తెలిసింది. పదకొండు మంది ప్రాజెక్టు మేనేజర్లకూ తీరిక లేక, ఆఫీసులో కొత్తగా చేరిన ఒక ట్రైనీకి కట్ట మొత్తం అప్పగించారట. ఆ అబ్బాయి అప్పటికి సైటు మొహం చూడలేదు. అతనితోనూ మాట్లాడాను. పాపం, మర్యాదస్థుడు. "అన్నింటికీ ఒకే అంకె వేస్తే మీకు బాగుండదని మార్చి మార్చి పెట్టానండీ" అన్నాడు.

అదే రోజు ఇంకో సంగతి కనబడింది. నా జాబితాలో 17వ కారణం "డ్రాయింగులు ఆలస్యంగా అందడం". 31వ కారణం "డిజైన్ వివరాలు సకాలంలో రాకపోవడం". రెండూ ఒకటే. రెండు వేర్వేరు వ్యాసాల నుంచి ఎత్తుకొచ్చాను కనుక రెండు చోట్ల పడ్డాయి. 17వ దానికి 4వ ర్యాంకు వచ్చింది, 31వ దానికి 19వ ర్యాంకు. వాళ్లే మనుషులు, అదే కారణం, అదే పూట నింపిన కాగితం. మాట మారితే ర్యాంకు 15 మెట్లు దిగిపోయింది. మరి మిగిలిన 40 ర్యాంకులను ఏం చూసుకుని నమ్మాలి?

ఆ ప్రశ్న నన్ను ఇప్పటికీ వదల్లేదు. ఈ రోజు చెప్పబోయేదంతా దాని చుట్టూ తిరిగేదే.

ముందు ఆ ర్యాంకులను పుట్టించిన సూచిక సంగతి చూద్దాం. సాపేక్ష ప్రాధాన్య సూచిక అని మనందరికీ కంఠతా వచ్చు. వచ్చిన మార్కులన్నీ కూడి, రాదగిన గరిష్ఠ మార్కులతో భాగించడం, అంతే. ఐదు మెట్ల కొలబద్ద మీద దీని కనిష్ఠ విలువ 0 కాదు, 0.2. ఎందుకంటే ఎంత అప్రధానమైన కారణానికైనా 1 పడుతుంది. అయినా మన వ్యాసాలు 0.2ను చూపించి "కొంత ప్రాధాన్యం ఉంది" అని వ్యాఖ్యానిస్తూనే ఉంటాయి. ఇది చిన్న తప్పు. పెద్ద తప్పు వేరే ఉంది. 50 మంది ఒక కారణానికి 3 వేశారనుకోండి. మొత్తం 150, గరిష్ఠం 250, సూచిక 0.6. ఇంకో కారణానికి 25 మంది 1 వేశారు, మిగిలిన 25 మంది 5 వేశారు. మళ్లీ మొత్తం 150, సూచిక మళ్లీ 0.6. మొదటి కారణం విషయంలో ఎవరికీ పెద్ద పట్టింపు లేదు. రెండో కారణం దగ్గర రంగం రెండుగా చీలిపోయి తగువులాడుకుంటోంది. పరిశోధకుడు పరుగెత్తుకెళ్లి చూడాల్సింది ఆ రెండోదాన్ని. సూచిక రెండింటినీ పక్కపక్కన కూర్చోబెట్టి సమాన గౌరవం ఇస్తుంది.

ఇక దశాంశాలు. 0.782 వచ్చినది 3వ ర్యాంకు, 0.779 వచ్చినది 4వ ర్యాంకు. 60 మంది జవాబుల్లో సగటు చుట్టూ చెదురు ఒక మెట్టంత ఉందనుకుంటే, ఈ సూచిక ప్రామాణిక దోషమే, అంటే నమూనా మారితే అంకె అటూ ఇటూ ఊగే మేరే, దాదాపు 0.026 ఉంటుంది. మనం 0.003 తేడాకు ర్యాంకులిచ్చి, ఆ ర్యాంకుల మీద పేరాగ్రాఫులు రాస్తున్నాం. మిల్లీమీటర్లు లేని టేపుతో కొలిచి మైక్రాన్లలో జవాబు చెప్పినట్టు.

విశ్వసనీయత చూశానంటారా? నేనూ చూశాను. ప్రశ్నలకు వచ్చిన జవాబులు ఒకదానితో ఒకటి ఎంత పొసుగుతున్నాయో చెప్పే క్రాన్‌బాక్ ఆల్ఫా 0.7 దాటితే గట్టెక్కినట్టే అని అందరం అనుకుంటాం. ప్రశ్నల సంఖ్య పెంచితే చాలు, ఆ అంకె పెరుగుతుంది. ఒకే ప్రశ్నను రెండు మాటల్లో అడిగితే ఇంకాస్త సాయపడుతుంది. అంటే నా 17, 31 జంట నా థీసిస్ విశ్వసనీయతకు తన వంతు చేయూత ఇచ్చిందన్నమాట! (నవ్వులు)

అసలు ఈ ఐదు మెట్ల కొలబద్ద ఎందుకు పుట్టిందో ఒకసారి గుర్తు చేసుకోండి. 1932లో రెన్సిస్ లికర్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దీన్ని ప్రతిపాదించాడు. మనం లైకర్ట్ అంటున్నాం, ఆయన మాత్రం తన పేరును లికర్ట్ అనే పలికేవాడు. ఆయన కొలవాలనుకున్నది మనుషుల వైఖరులను. ఏ విషయం మీద ఎవరికి ఎంత ఇష్టం, ఎంత అయిష్టం అన్నది తెలుసుకోవడానికి ఇది చక్కటి పరికరం. స్లాబ్ ఎందుకు ఆలస్యమైందో తెలుసుకోవడానికి పుట్టినది కాదు. నా థీసిస్‌కు "ఆలస్యం గురించి 49 మంది అభిప్రాయం, ఒక ట్రైనీ ఊహాశక్తి" అని పేరు పెట్టి ఉంటే అందులో ఒక్క అబద్ధం కూడా ఉండేది కాదు.

అభిప్రాయాలకు విలువ లేదని నేను అనడం లేదు. టెండరులో ఎవరు ఏ నష్టభయాన్ని ఎంతగా లెక్కలోకి తీసుకుంటారో తెలియాలంటే వాళ్లనే అడగాలి. కొత్త ఒప్పంద పద్ధతి మీద ఎవరికి నమ్మకం ఉందో తెలియాలన్నా అడగాల్సిందే. ఆలస్యం విషయంలో చిక్కు వేరు. అక్కడ జవాబు చెప్పేవాడే ముద్దాయి. కాంట్రాక్టరును అడిగితే యజమాని డబ్బు ఇవ్వలేదంటాడు. యజమానిని అడిగితే కాంట్రాక్టరుకు ప్రణాళిక తెలియదంటాడు. కన్సల్టెంటు ఇద్దరినీ చూపిస్తాడు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు ఎవరి మద్దెల వారికి సిద్ధంగా ఉంటుంది. మనం ఏం చేస్తాం? ముగ్గురి ర్యాంకులు ఎంత కలుస్తున్నాయో చెప్పే స్పియర్‌మన్ సహసంబంధం లెక్కకట్టి, "ఏకాభిప్రాయం ఉంది" అనో "లేదు" అనో రాసి ముగిస్తాం. ఆ తగువే మన ఎదుట ఉన్న అసలు దత్తాంశం (డేటా). దాన్ని ఒక్క గుణకంలోకి కుదించి పక్కన పెట్టేస్తున్నాం.

ఆ తర్వాత చాలా ఏళ్లకు, ఒక పరిశోధక విద్యార్థినితో కలిసి ఒకే ఒక్క స్లాబ్ ఆలస్యాన్ని మొదటినుంచి చివరిదాకా తవ్వాం. ఒక్కటే. బహుళ అంతస్తుల భవనం, నాలుగో స్లాబ్, 9 రోజుల ఆలస్యం. ముందు ముగ్గురినీ అడిగాం. కాంట్రాక్టరు మనిషి డ్రాయింగులు రాలేదన్నాడు. కన్సల్టెంటు సెంట్రింగ్ పనివాళ్లు చాలలేదన్నాడు. యజమాని తరఫు ఇంజనీరు వానలన్నాడు. తర్వాత కాగితాల మీద పడ్డాం. డ్రాయింగుల రిజిస్టరు చూస్తే, అవసరమైన తేదీకి 6 రోజుల ముందే డ్రాయింగు సైటుకు చేరింది. హాజరు పట్టీలో సెంట్రింగ్ వడ్రంగుల సంఖ్య మూడో స్లాబుకు ఎంతో నాలుగో స్లాబుకూ అంతే. వాన పడింది నిజమే, రెండు రోజులు, అదీ సగం పూటే.

మరి 9 రోజులు ఎటు పోయాయి? సంగతి ఫొటోల్లో దొరికింది. సేఫ్టీ సూపర్‌వైజరు తన ఫోనుతో రోజూ పరంజా ఫొటోలు తీసేవాడు. అతనికి కావలసింది పరంజా, మాకు కావలసింది ఆ ఫొటోల వెనక భాగం. నాలుగో అంతస్తు మీద సెంట్రింగ్ సగంలో ఆగి ఉంది, ఎందుకంటే ప్రాపులు, అంటే కింద దన్నుగా నిలబెట్టే కంబాలు, లేవు. ఆ ప్రాపులు రెండో స్లాబ్ కింద ఇంకా నిలబడి ఉన్నాయి. సైటులో ఉన్నవి రెండు సెట్లే. రెండో స్లాబ్ కింద తీస్తేనే నాలుగో స్లాబుకు వస్తాయి. తీయాలంటే కాంక్రీటుకు తగిన బలం వచ్చిందని క్యూబ్ పరీక్ష, అంటే అదే కాంక్రీటుతో పోసిన దిమ్మెలను నలిపి చూసే పరీక్ష, ఫలితం చేతికి రావాలి. క్యూబులను ప్రయోగశాలకు వారానికి ఒక్కసారే, బండి అటు వెళ్లినప్పుడు, అన్నీ కలిపి పంపేవారు. కాంక్రీటు ఎప్పుడో గట్టిపడింది, అది గట్టిపడిందన్న కాగితం మాత్రం రాలేదు. 5 రోజులు అక్కడ పోయాయి. వాన వల్ల ఒక రోజు, పంపు చెడిపోయి ఒకటిన్నర రోజు. మిగిలిన ఒకటిన్నర రోజు ఎటు పోయిందో మాకు అంతుచిక్కలేదు. అంతుచిక్కలేదనే రాశాం.

ఇందులో ఎవరూ అబద్ధమాడలేదు. తమకు కనిపించినంత మేర చెప్పారు. నా 42 కారణాల జాబితాలో "క్యూబులు తీసుకెళ్లే బండి వారానికి ఒకసారే వెళ్లడం" లేదు. ఏ జాబితాలోనూ ఉండదు. పాత వ్యాసాల నుంచి ఏరిన జాబితాలో పాత వ్యాసాలకు తెలిసిన కారణాలే ఉంటాయి కదా. ప్రశ్నావళి అడగనిదానికి జవాబు రాదు.

కాగితాలను కూడా గుడ్డిగా నమ్మకండి. సైటు డైరీని రాసేవాడికి రేపు రాబోయే క్లెయిము, అంటే ఆలస్యానికి పరిహారం అడిగే దావా, గుర్తుంటుంది. "డ్రాయింగు కోసం వేచి ఉన్నాం" అన్న వాక్యం డైరీలో వరుసగా నాలుగు రోజులు ఒకే చేతిరాతతో, ఒకే ఒరవడిలో కనిపిస్తే, నాలుగు రోజులూ ఒకే సాయంత్రం రాశారని అర్థం. అందుకే పరస్పర సంబంధం లేని కాగితాలను పక్కపక్కన పెట్టి చూడాలి. కాంక్రీటు లారీల రసీదులు, హాజరు పట్టీ, ఫొటోలు, ఉత్తరాలు. ఒకదాన్ని దిద్దినవాడికి మిగిలిన మూడింటినీ దిద్దే ఓపిక సాధారణంగా ఉండదు.

ఇక్కడే ఇంకో మాట. కారణానికి వెనక కారణం ఉంటుంది. సెట్లు రెండే ఎందుకున్నాయి? టెండరు అంత తక్కువకు వేశారు కాబట్టి. అంత తక్కువకు ఎందుకు వేశారు? అక్కడినుంచి ఆర్థిక శాస్త్రంలోకి వెళ్లిపోతాం. ఎక్కడ ఆగాలో ముందే తేల్చుకుని, ఎందుకు ఆగారో రాయండి. నా 42 కారణాల్లో "తక్కువ ధరకు టెండరు", "పంపు చెడిపోవడం" పక్కపక్కనే ఉండేవి. ఒకటి తాత, ఒకటి మనవడు. ఇద్దరినీ ఒకే వరుసలో నిలబెట్టి ఎవరు పొడుగని అడిగాను.

కొలత దగ్గరికి వద్దాం. వ్యయం పెరిగిందంటే దేనినుంచి పెరిగింది? ఈ చిన్న ప్రశ్న మన రంగంలో ఒక పెద్ద వివాదమే లేపింది. 2002లో బెంట్ ఫ్లివ్‌బ్యర్గ్ అనే డెన్మార్క్ పరిశోధకుడి బృందం 20 దేశాల్లోని 258 రవాణా పథకాలను పరిశీలించింది. ప్రతి పదింటిలో తొమ్మిదింటికి ఖర్చు అంచనా దాటిందని, పెరుగుదల సగటున రైలు పథకాల్లో 45 శాతం, వంతెనలు సొరంగాల్లో 34 శాతం, రోడ్లలో 20 శాతం అని తేల్చింది. అంచనాలు వేసేవాళ్లు ఉద్దేశపూర్వకంగానే తక్కువ చేసి చూపుతున్నారన్నది వారి వాదన. పీటర్ లవ్ మొదలైన పరిశోధకులు దీన్ని గట్టిగా ఎదిరించారు. ఫ్లివ్‌బ్యర్గ్ బృందం కొలిచింది "కట్టాలి" అని నిర్ణయించిన నాటి అంచనా నుంచి. అప్పటికి పథకం స్వరూపం ఇంకా పూర్తిగా తేలదు. తర్వాత పరిధి మారుతుంది, ప్రజలు అభ్యంతరాలు చెబుతారు, మార్గం పక్కకు జరుగుతుంది. కాంట్రాక్టు కుదిరిన నాటి ధర నుంచి కొలిస్తే పెరుగుదల చాలా తక్కువగా కనిపిస్తుంది. ఎవరు ఒప్పు? నా మటుకు నాకు ఇద్దరూ వేర్వేరు ప్రశ్నలకు జవాబు చెబుతున్నారనిపిస్తుంది. కట్టాలా వద్దా అని తీర్పు చెప్పినవారికి ఏ అంకె చూపించారన్నది ప్రశ్న అయితే మొదటి కొలతే సరైనది. సైటు నిర్వహణ ఎంత సమర్థంగా జరిగిందన్నది ప్రశ్న అయితే రెండోది.

సిడ్నీ ఒపేరా హౌస్‌ను తీసుకోండి. తొలి అంచనా 70 లక్షల ఆస్ట్రేలియా డాలర్లు. 1973లో ప్రారంభమయ్యేసరికి అయిన ఖర్చు 10 కోట్ల 20 లక్షలు. 14 రెట్లు దాటిందని అందరూ చెబుతారు. డిజైను పూర్తికాకుండానే 1959లో పని మొదలుపెట్టారు. పైన ఆ గుల్లల కప్పులను ఎలా నిలబెట్టాలో అప్పటికి తేలనే లేదు. తేలని వస్తువు మీద వేసిన అంచనాను దాటిన ఖర్చును నిర్వహణ వైఫల్యం అనాలా, అసలు దాన్ని అంచనా అనడమే పొరపాటా? మీ థీసిస్‌లో "వ్యయ పెరుగుదల" అన్న గడి ఉంటే, దాని పక్కన మొదటి అంకె ఏ తేదీనాటిదో రాసే గడి ఒకటి తప్పకుండా ఉండాలి. 40 పథకాల దత్తాంశం తెచ్చిన ఒక విద్యార్థిని ఇదే అడిగాను. వారం రోజులు తిరిగి వచ్చి, 40లో 13 అంకెలు సవరించిన అంచనాలని చెప్పాడు. సవరించిన అంచనా నుంచి కొలిస్తే ఎవరికి మాత్రం పెరుగుతుంది!

సరే, సైటు దగ్గర నిలబడి చూడడం గురించి. నాకు బాగా ఇష్టమైన భాగం ఇది, కాబట్టి టైము దాటితే క్షమించండి.

ఫ్రాంక్ గిల్‌బ్రెత్ 1885లో ఇటుక పని నేర్చుకోవడానికి కుర్ర పనివాడిగా చేరాడు. నేర్పేవాళ్లను గమనించాడు. ఒక్కో మేస్త్రి ఒక్కో రకంగా పేరుస్తున్నాడు, నేర్పేటప్పుడు ఒక రకంగా, తొందరలో ఇంకో రకంగా. ఒక్క ఇటుక పెట్టడానికి చేసే కదలికలను లెక్కపెట్టాడు. 18 ఉన్నాయి. ఇటుకలు, మాలు నడుము ఎత్తులో అందేలా, గోడతోపాటు పైకి జరిగేలా పరంజా తయారుచేశాడు. కదలికలు 5కు తగ్గాయి. గంటకు 120 ఇటుకలు పెట్టే చోట 350 పెట్టారని 1911లో "శాస్త్రీయ నిర్వహణ" సిద్ధాంతకర్త టేలర్ రాశాడు. ఆ 350 సంగతి మీరు కాస్త జాగ్రత్తగా తీసుకోండి, టేలర్‌కు తన సిద్ధాంతం మీద మమకారం ఎక్కువ. నాకు ముఖ్యమనిపించేది 18 అన్న అంకె. "మీ ఉత్పాదకత తగ్గడానికి కారణాలు చెప్పండి" అని ఆనాటి మేస్త్రులకు ప్రశ్నావళి పంపితే, "ప్రతి ఇటుకకూ నేల దాకా వంగుతున్నాం" అని ఒక్కరైనా రాసేవారా? తరతరాలుగా వంగుతున్నవాడికి వంగడం కారణంగా తోచదు.

అంత సూక్ష్మంగా చూసే తీరిక లేనివాళ్లకు పని నమూనా పద్ధతి ఉంది. బ్రిటన్ జౌళి మిల్లుల కోసం టిప్పెట్ అనే గణాంకవేత్త 1930లలో కనిపెట్టాడు. యాదృచ్ఛికంగా ఎంచుకున్న సమయాల్లో సైటు చుట్టి వస్తూ, కనబడిన ప్రతి మనిషీ ఆ క్షణంలో ఏం చేస్తున్నాడో గుర్తించడమే. పని చేస్తున్నాడా, పనికి కావలసినది మోస్తున్నాడా, ఎదురు చూస్తున్నాడా. 95 శాతం నమ్మకంతో, 5 శాతం అటూ ఇటూగా తెలియాలంటే 385 పరిశీలనలు చాలని సూత్రం చెబుతుంది. మీరు ఆ సూత్రాన్ని పట్టుకుని ఒకే ఉదయం 35 మంది ఉన్న సైటును 11 సార్లు చుట్టి 385 పూర్తిచేసి ఇంటికి పోతారు. కాంక్రీటు లారీ రాకపోతే 12 మంది కలిసే ఖాళీగా కూర్చుంటారు. అవి 12 పరిశీలనలు కావు, ఒకే లారీని 12 సార్లు లెక్కపెట్టడం. రోజులను పెంచండి, చుట్లను కాదు.

ఇంకో చిక్కు. తప్పు కట్టిన గోడను పగలగొడుతున్న మేస్త్రి ఈ లెక్కలో "పని చేస్తున్నాడు". వంద శాతం శ్రమిస్తున్నాడు, చెమట కారుస్తున్నాడు. పని శాతం ఎక్కువ ఉన్నంత మాత్రాన ఉత్పత్తి ఎక్కువని కాదు.

మీరు చూస్తున్నారని తెలిస్తే మనుషులు మారతారన్నది హాథోర్న్ ప్రయోగాల నుంచి చెప్పుకుంటున్నాం. 1924 నుంచి 1932 దాకా షికాగో దగ్గర ఒక విద్యుత్ పరికరాల కర్మాగారంలో జరిగాయి. ఆ దత్తాంశాన్ని తర్వాత మళ్లీ పరిశీలించినవారు, ప్రభావం చెప్పుకున్నంత స్పష్టంగా లేదన్నారు. మన సైటులో నేను చూసింది వేరు. మూడో రోజుకు మనల్ని మరిచిపోతారు, మన చేతిలోని గడియారాన్ని మాత్రం మరిచిపోరు. భయం న్యాయమైనదే. గడియారం పట్టుకుని వచ్చినవాడి వెనకే కూలి రేట్లు తగ్గించేవాడు వచ్చిన చరిత్ర ఉంది. 1911లో అమెరికాలో వాటర్‌టౌన్ ఆయుధ కర్మాగారంలో స్టాప్‌వాచీ పెట్టినందుకు అచ్చు పోసే కార్మికులు సమ్మె చేశారు. విషయం చట్టసభ దాకా వెళ్లి, సైనిక కర్మాగారాల్లో ఆ పద్ధతికి నిధులు ఇవ్వకూడదని ఆంక్ష పెట్టారు. కాబట్టి ఎందుకు లెక్కపెడుతున్నారో, ఆ లెక్క ఎవరి చేతికి వెళ్తుందో పనివాళ్లకు వాళ్ల భాషలో చెప్పండి. మేనేజరు సంతకం ఉన్న అనుమతి పత్రం పనివాడి అనుమతి కాదు. సూపర్‌వైజరు పక్కన నిలబడి ఉండగా పనివాణ్ణి "ఇక్కడ భద్రత ఎలా ఉంది" అని అడిగేవాళ్లను చూశాను. వచ్చే జవాబు నేను ముందే రాసిస్తాను, మీరు అంత దూరం వెళ్లనక్కర్లేదు.

మార్పు తెచ్చి ఫలితం చూసే పరిశోధనలు ఈ మధ్య పెరిగాయి, మంచిదే. 1990లలో గ్లెన్ బల్లార్డ్, గ్రెగ్ హొవెల్ వారం వారం సైటు ప్రణాళికలను గమనించారు. ఈ వారం పూర్తిచేస్తామని మాటిచ్చిన పనుల్లో సగానికి కాస్త ఎక్కువ మాత్రమే పూర్తవుతున్నాయని కనుగొన్నారు. అక్కడినుంచి, సైటులో పని చేయించేవాళ్లే వారం వారం మాటిచ్చి లెక్కచూసుకునే లాస్ట్ ప్లానర్ పద్ధతి ఎదిగింది. ఆ పూర్తి శాతం ఇప్పుడు మన థీసిస్‌లకు ప్రియమైన కొలత. పద్ధతి ప్రవేశపెట్టాం, 52 నుంచి 78కి పెరిగింది, విజయం. కాస్త ఆగండి. ఏ సైటును ఎంచుకున్నారు? అందరికన్నా వెనకబడి ఉన్నదాన్ని. వరుసగా కొన్ని చెడ్డ వారాలు గడిచిన సైటు, ఎవరూ ఏమీ చేయకపోయినా, తర్వాతి వారాల్లో తన మామూలు స్థాయికి వస్తుంది. జ్వరం దిగే రోజున మందు వేసిన వైద్యుడికి పేరొచ్చినట్టు. పోల్చడానికి ఏమీ మార్చని ఇంకో సైటు, అంతే చెడ్డది, ఉందా? రెండోది, శాతం పెరగడానికి సులువైన దారి ఎక్కువ పని చేయడం కాదు, తక్కువకు మాటివ్వడం. పది పనులు రాసే ఫోర్‌మన్ ఆరే రాస్తాడు. మాటిచ్చిన పనుల సంఖ్య కూడా పక్కన వేసి చూపించని పటాన్ని నేను నమ్మను.

మౌఖిక సంభాషణల గురించి, ఒక్క సైటు అధ్యయనాల గురించి మా తరం పోట్లాడుకున్నంత మీరు పోట్లాడుకోనక్కర్లేదు. 1997లో మన రంగం పత్రికల్లో పెద్ద చర్చే జరిగింది, భౌతిక శాస్త్రంలా కొలవాలా, మనుషులు తమ పనికి ఇచ్చుకునే అర్థాలను పట్టుకోవాలా అని. ఇప్పుడు రెండు వర్గాలూ ఒకే సెమినార్‌లో కాఫీ తాగుతున్నాయి. ఒక్క స్లాబ్ చూసి "ఆలస్యాలలో ఇంత శాతం క్యూబుల వల్ల" అని చెప్పలేం. "ఆలస్యం ఇలా కూడా పుడుతుంది" అని చెప్పగలం. దేన్ని చెప్పగలమో అదే చెబితే గొడవే లేదు.

యంత్ర అభ్యసనం (మెషిన్ లెర్నింగ్) గురించి చెప్పమని ఒక చీటీ వచ్చింది. క్లుప్తంగా చెబుతాను. పథకం మొదలయ్యే ముందే ఆలస్యాన్ని ఊహించే నమూనా అని తెస్తారు, కచ్చితత్వం 96 శాతం. లోపలికి చూస్తే ఇచ్చిన సమాచారంలో "మార్పు ఉత్తర్వుల మొత్తం సంఖ్య", అంటే పని మధ్యలో ఎన్ని మార్పులు చేయమన్నారన్న లెక్క, ఉంటుంది. ఆ సంఖ్య పథకం ముగిసాక గాని తెలియదు. తెల్లారాక తెల్లారిందని చెప్పే యంత్రం అది. ఇంకోటి, దత్తాంశంలో పూర్తయిన పథకాలే ఉంటాయి. మధ్యలో ఆగిపోయినవాటి ఫైళ్లు ఎవరూ ఇవ్వరు, అవి న్యాయవాదుల దగ్గర ఉంటాయి. అసలు చూడాల్సినవి అవే.

ప్రశ్నలు ఏమైనా ఉంటే... అడగండి, ఆ చివరి వరుసలో అమ్మాయి.

"సర్, మీరు చెప్పినట్టు చేయాలంటే ఏళ్లు పడతాయి. మాకున్నది ఆరు నెలలు."

సరైన ప్రశ్న అమ్మా. ఆరు నెలల్లో "నిర్మాణ రంగంలో ఆలస్యం" తేలదు. ఒక సైటు, ఒక క్రేను, ఒక పని తీసుకో. ఊచల కట్టను నేలమీంచి పైకి చేర్చడానికి ఎంత సేపు పడుతోంది? 60 సార్లు చూడు. సగటు రాయడంతో ఆగకు, అతి ఎక్కువ సేపు పట్టిన ఐదింటిని పట్టుకుని, ఆ ఐదు సార్లూ ఏం జరిగిందో అక్కడున్నవాళ్లను అదే రోజు అడుగు. నెల తర్వాత అడిగితే కథ చెబుతారు. వెళ్లే ముందు నీ అంచనా ఒక కాగితం మీద రాసి, తేదీ వేసి, మీ గైడుకు ఇవ్వు. నీ అంచనా తప్పని తేలాలంటే ఏం కనబడాలో కూడా అందులో రాయి. ఆ రెండో వాక్యం రాయలేకపోతే ఇంకా సైటుకు వెళ్లకు. ఆరు నెలల్లో రెండు నెలలు మిగులుతాయి, నా మాట నమ్ము.

ఇంకొకరు... చెప్పు బాబూ.

"సర్, ఆ పచ్చ సిరా కాగితాలను తర్వాత ఏం చేశారు?"

(నవ్వులు)

ఇది అడుగుతారని భయపడుతూనే ఉన్నాను. ఏమీ చేయలేదు. అప్పటికే సమర్పించేశాను, పట్టా చేతికొచ్చింది. మా గైడుగారితో చెబితే "పదకొండు తీసేస్తే 49 ఉంటాయి, మొదటి ర్యాంకు మారుతుందా?" అన్నారు. తీసి చూశాను. మారలేదు. "అయితే వదిలేయ్" అన్నారు, వదిలేశాను. ఎందుకు మారలేదో అప్పుడు నేను ఆలోచించలేదు. ఆ ట్రైనీ కూడా ఎక్కడో చదివే ఉంటాడు, ఆలస్యానికి మొదటి కారణం బిల్లులేనని.

ఆ థీసిస్ ఇంకా గ్రంథాలయంలో ఉంది. దాని నుంచి ఒక వ్యాసం వేశాం, దాన్ని కొందరు ఉదహరించారు, వాళ్లను ఇంకొందరు. ఇప్పుడు నేను పరీక్షకుడిగా కూర్చుంటే ఏడాదికి రెండు మూడు ప్రశ్నావళులు నా బల్ల మీదికి వస్తాయి. నేను ముందు శీర్షిక చూడను. నేరుగా 17వ కారణం దగ్గరికి వెళ్తాను, తర్వాత 31 దగ్గరికి. కిందటి నెల వచ్చినదానిలో రెండూ ఉన్నాయి, అవే మాటల్లో. ర్యాంకులు 6, 22.